తొంభై ఆరు గుంటలు

తరమణిలో పొద్దున ఏడింటికే ముప్పై నాలుగు డిగ్రీలు.
ఇంక్యుబేటర్‌లో మాత్రం ఏ కాలమైనా
ముప్పై ఏడే, ఒంటి వేడి.

అరచేతంత ప్లాస్టిక్ పలక, తొంభై ఆరు గుంటలు.
అమ్మమ్మ వామనగుంటల్లో చింతపిక్కలు పంచినట్టు
గుంటకు పదివేల కాలేయకణాలు పంచుతాను.
ఎప్పుడో, ఏ దేశంలోనో
పదిహేనేళ్ల కుర్రాడి కణితిలోంచి తీసినవట.
వాడు లేడు.
వాడి జబ్బు నా చేతికింద
రెండ్రోజులకోసారి రెట్టింపవుతోంది.

జిన్సెంగ్ అంటే మనిషి ఆకారపు వేరంటారు,
నేనెప్పుడూ చూళ్లేదు.
నా దాకా వచ్చేది సీసా అడుగున
అయిదు మిల్లీగ్రాముల తెల్లపొడి,
తుమ్మితే నెలజీతం ఎగిరిపోతుంది.
మొదటి వరసకి ఏమీ లేదు.
రెండోదానికి కాస్త.
కిందికి పోయేకొద్దీ ఎక్కువ.

సీసాలు కడిగే ఏకాంబరం,
పందొమ్మిదేళ్లు ఈ గాజునంతా తళతళలాడించినవాడు,
ఆడినెల నించీ సెలవులో ఉన్నవాడు,
స్కాన్ కవరు చంకలో పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.
"ఆ వేరుమందు నాకో చుక్క పొయ్యరాదామ్మా?
నేల ఉసిరి తాగి తాగి నాలిక మొద్దుబారింది."
నవ్వుతూనే అన్నాడు, పచ్చటి కళ్లతో.

ఈ గుంటల్లో పేగు లేదు, నెత్తురు లేదు,
పదకొండింటి టీ కోసం ఎదురుచూసే నోరు లేదు.
ఇక్కడ చావడం వేరు, నీ ఒంట్లో చావడం వేరు అని
ఏ భాషలో చెప్పను?
"ఇంకా చూస్తున్నాం" అన్నాను.
అడయారులో డాక్టరమ్మ కూడా
సరిగ్గా ఆ మాటే అందన్నాడు.

మూడోరోజు రంగు పోశాను, పసుపురంగు.
బతికున్న కణం దాన్ని వంగపండు రంగుకి తిప్పుతుంది.
చచ్చింది తిప్పలేదు.
నాలుగ్గంటలయ్యాక తీసి చూస్తే
పైవరసలు వంగతోట,
అట్టడుగు వరస పోసింది పోసినట్టే.
పసుపు మిగిలితే ఇక్కడ గెలుపు.
సార్ ఫోటో తీసుకుని
మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వెళ్లారు.
నేను ఆ పసుపుని చాలాసేపు చూడలేకపోయాను.

సింకు దగ్గర మాటలు.
ఏకాంబరం ఇంకా వెళ్లలేదు,
స్టూలు మీద కూర్చుని కొత్త కుర్రాడికి చెబుతున్నాడు:
"కొళాయి నీళ్లు మూడుసార్లు, బట్టీ నీళ్లు రెండుసార్లు.
సబ్బు చుక్క మిగిలిందా,
చచ్చింది దేనివల్లో
వీళ్లకెప్పటికీ తెలీదురా."