డజను పని

హవల్లీలో ట్యునిస్ వీధి వెనక,
ఏసీ నీళ్ళు బకెట్లోకి కారే సందులో
ఊదులు బాగుచేసే కొట్టు మాది.
మాది అంటున్నా గానీ, సబీహ్ ముసలాయనది.
ఆయన బస్రావాడు. నేను పుల్లంపేట వడ్రంగిని,
తలుపులు బిగించడానికని వచ్చి
తీగలకి తగులుకున్నాను.

నిన్న మగ్రిబ్ నమాజు అయ్యాక
నజ్లా అనే ఆవిడ ఫిడేలు తెచ్చింది,
సూపర్‌మార్కెట్ సంచిలో, బియ్యం తెచ్చినట్టు.
"మా తాతది. లోపల చీటీ ఉంది చూడు,
ఇటలీ పేరు, పదిహేడు వందల ఇరవై ఒకటి."

చీటీ సంగతి తర్వాత.
ముందు సుడి చూడాలి.
ఫిడేలు తలకాయ శంఖంలా తిరిగిన చోట
వెనక్కి తిప్పి గాడి వెంట బొటనవేలు పోనిస్తే
గొంతు కింద దాకా పోవాలి, తీరిక ఉన్న చేతి పనైతే.
ఇది గడియారంలో ఆరు దగ్గరే ఆగిపోయింది.
ఆ మిగతా కాస్తా చెక్కితే
కూలి గిట్టదు.

అంచు చుట్టూ రెండు నల్ల గీతలు.
గోరు పెట్టి గీరాను, తగల్లేదు.
పొదిగినవి కావు, సిరాతో గీసినవి.
నడుమ పసుపు, అంచుల్లో చిక్కటి గోధుమరంగు,
నూరేళ్ళు గడ్డం రాసుకుని అరిగినట్టు.
అరగలేదు.
కొత్తదానికే ముసలితనం పూశారు.

పళ్ళ డాక్టరు అద్దం, సెల్‌ఫోను లైటు
పట్టుకుని పొట్టలోకి దిగాను.
మూలల్లో దిమ్మెలు లేవు.
బేస్‌బార్ అతికించింది కాదు,
పలకలోనే వదిలేసిన గట్టు.
కంటికి కనపడని చోట చిత్రిక పట్టలేదు,
ఉలి గాట్లు కోడి కెలికిన నేలలా అట్లాగే ఉన్నాయి.

"జర్మనీ" అన్నాను. "సాక్సనీ కొండల్లోనో,
సరిహద్దు దాటి బొహీమియా వైపో.
ఒకింట్లో మెడలు, ఒకింట్లో పలకలు,
ఇంకోచోట రంగు.
వారానికోసారి షావుకారి బండి. లెక్క డజన్లలో.
చీటీ అడుగున చిన్నక్షరాల్లో జర్మనీ అని ఉంది,
దేశం పేరు కొట్టకపోతే
అమెరికా రేవులో సరుకు దిగనివ్వని రోజులవి.
నూట పది, నూట ముప్పై ఏళ్ళ మధ్య.
మూడొందలు మాత్రం కాదమ్మా."

"మా తాతకి తెలుసా ఈ సంగతి?"

నాకేం తెలుసు.
నా పాస్‌పోర్టులో పుట్టిన తేదీ
రాజంపేట ఏజెంటు వేసింది, జూలై ఒకటి.
మా అమ్మనడిగితే
వేరుశనగ పీకేటప్పుడు అంటుంది.

అద్దం ఇంకొంచెం వంచాను.
పై పలక పగులు మీద మూడు బిళ్ళలు.
జర్మన్ల చెక్క కాదు. నల్లగా, ఊదారంగు చారతో.
ఉలి మొన తగిలిస్తే రాలిన పొట్టు
వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాను.
జిట్రేగి.

"బొంబాయి" అంది నజ్లా.
తాత ఓడలో ఖర్జూరం దించి
బియ్యం, టేకు ఎక్కించుకుని వచ్చేవాడట.
అక్కడే ఎవరి దగ్గరో కొన్నాడట.

బిళ్ళల అంచులు నాలుగు పక్కలా వాలుగా దిగి
చివర కాగితమంత పల్చన.
మా మేనమామ తలుపు పగులుకి వేసే బిళ్ళ
ఇట్లాగే ఉండేది.
లోపల ఎవరూ చూడరని తెలిసీ
ఎవడో వాటికి చిత్రిక పట్టాడు.
నాకు కాసేపు మాట రాలేదు.
సబీహ్ ఊదు బిరడా తిప్పుతూ
"ఏమయ్యింది నీకు?" అన్నాడు.

ఆవిడ ధర అడగలేదు.
మోగుతుందా, అంది.

పగులు కిందికి పాకింది, నాలుగో బిళ్ళ కావాలి.
పై పలక విప్పి
పాత ఊదు మెడలోంచి ముక్క కోశాను.
చీటీ పీకలేదు.
ఆ అబద్ధం వయసూ ఫిడేలు వయసూ ఒకటే.

బిళ్ళ మీద పెన్సిల్‌తో
పెంచలాచారి అని రాసి తేదీ వేశాను,
ఇది మాత్రం సరైన తేదీ.
రేపు జిగురు ఆరాక పలక మూసి
కమాను పెట్టి చూడాలి.