పసుపు డబ్బా

జీడిమెట్ల, పొద్దున ఏడు.
మూత తీసిన సంపులోకి
సన్నటి గొట్టం దించుతున్నాను,
బావిలోకి చేద వేసినట్టు.
తోడేది నీళ్లు కాదు, అంకెలు.

అరచేతిలో డబ్బా.
దాని లోపల ఆవగింజంత పూస
ఎప్పుడూ కాగుతూ ఉంటుంది.
మండే గాలి తగిలితే
తానే ఇంకాస్త వేడెక్కి చెబుతుంది,
ఇక్కడ అగ్గి దాక్కుందని.
పక్క అరలో ఆమ్లపు చుక్క,
విషం సోకితే
ఇంత కరెంటు కారుస్తుంది.

లింగోజీ మామ నవ్వేవాడు:
"ముప్పై ఏండ్ల ముక్కు నాది.
దీనికి చార్జింగు దండగ."
ఆ రోజు మొదట కుళ్లిన గుడ్ల కంపు.
కాసేపటికి, "వాసన పోయింది, దిగుతున్నా" అన్నాడు.
పోయింది వాసన కాదు, ముక్కు.
డబ్బా బీరువాలోనే ఉంది.

పంపు గురగురమంటోంది.
ఒక నిమిషం. ఇంకొకటి.
పైన ఇరవై పాయింట్ తొమ్మిదున్న ఆక్సిజన్
అడుగున పదిహేడు.
ఆ పక్క గడిలో సున్నా, నాలుగు, ముప్పై,
నూట పది.
డబ్బా కీచుమని
ఎర్రగా వణికింది నా చేతిలో.

కొత్త పిల్లగాడు సంజీవులు
ఇంతసేపూ సంపు మీదికే వంగి ఉన్నాడు.
ఒక కాలు అప్పుడే నిచ్చెన మీద.
"ఇందాకటి కంపు లేదక్కా ఇప్పుడు."

"అందుకే" అన్నాను,
వాడి కాలరు వదలకుండా.