ఒంటి తుమ్ము

రైలుకింకా నాలుగు గంటలు.
లాడ్జి తాళంచెవి జేబులో గలగలమంటుంటే
మండీబజార్ దాటి మిర్చికొట్ల సందులోకి మళ్లాను.

కొననివాడి నడక అంగడికి తెలుస్తుంది.
ఎవరూ పిలవలేదు.

చపాటా ఎర్రదనం చూద్దామని వంగితే
పక్క బస్తాలోని తేజ ఘాటు
ముక్కుకెక్కింది.
ఒక్కటే తుమ్ము.

"ఒంటి తుమ్ము! ఏడికి వోతున్నవ్? కూసో జర!"
తూకంరాళ్లు జరిపి గోనెపట్టా పరిచిందామె,
చెంబెడు నీళ్లిచ్చింది.
పేరడగలేదు, ఊరడగలేదు,
"ఇంకోటొస్తదా?" అనడిగింది.

ఇద్దరం ఎదురుచూశాం.
మధ్యలో ఎవరికో మూడు కిలోలు తూచింది,
చిల్లర లెక్క తప్పి తనను తనే తిట్టుకుంది.
రెండోది రాలేదు.

లేచేముందు పావుకిలో కట్టించుకున్నాను,
పొయ్యి లేనివాణ్ణి.

కాజీపేట దాటాక పొట్లం విప్పితే
పై బెర్తులో ఎవరో తుమ్మారు.