ముందూ ఎనకా లేని పుట్టి

పుట్టికి ముందు అనేది లేదు,
ఎనక అనేది లేదు.
రొట్టెల పెంకలెక్క గుండ్రంగ ఉంటది.
ఎక్కంగనే నన్ను బొంగరం జేసింది.

సోమశిల రేవుల మొగోళ్ళు నవ్విన్రు.
"మద్దిలేటి పెండ్లాం గిర్రున తిరుగుతుంది,
తలా ఓ రూపాయి ఎయ్యిన్రి ర,
కురుమూర్తి జాత్రల రంగులరాట్నం!" అన్నడు
చెవుల బీడి వెట్టుకున్నోడు.
నేను నవ్వలే. ఏడువనూ లే.
తెడ్డు జారి నీళ్ళల్ల వడ్డది.
చేతులతోటి కృష్ణను గుంజుకుంట గుంజుకుంట
ఒడ్డుకొచ్చిన.

మద్దిలేటి మంచంల ఉన్నడు.
పట్నంల మూడో అంతస్తు సెంట్రింగు మీదికెల్లి వడ్డడు.
నడుముల రెండు రాడ్లు.
మేస్త్రి ఇచ్చిన పదివేలు
ఎక్స్‌రేలకే ఒడిసినయి.
ఇంట్ల మిగిలింది తారు పూసిన పుట్టి,
ఎలుకలు కొరికిన వల,
అత్త.

అత్త పేరు కుర్మమ్మ.
పుట్టిని బోర్లిచ్చి నెత్తిన వెట్టుకొని వస్తుంటే
దూరంకెల్లి తాబేలు నడిసొచ్చినట్టే ఉంటది.
నీతులు జెప్పదు.
ధైర్యం అనే మాట ఆమె నోట నేనెన్నడూ ఇనలే.
ఆ పొద్దు నా తడిసిన చీర దిక్కు జూసి
"పక్కకెందుకు కొడ్తున్నవే?
ముందటికి ఒంగు. ముందటి నీళ్ళను నీ దిక్కు గుంజుకో.
తెడ్డు కొసతోటి ఎనిమిది అంకె రాయాలె" అన్నది, గంతే.

బడిల నేను ఏడో తరగతి కాడ ఆగిన.
ఎనిమిది నీళ్ళ మీద నేర్సుకున్న.

రాస్తే వంకర వోయేది.
రాస్తే సున్నా అయ్యేది, పుట్టి మల్ల గిర్రున తిరిగేది.
అరచేతుల బొబ్బలు లేసి పగిలినయి.
అన్నం కలుపుతుంటే కారం సుర్రుమనేది.
తొమ్మిదో రోజు ఇంక నాతోటి గాదని
గంప కింద కోడిలెక్క ఇంట్ల కూసున్న.
అత్త పిలువలే.
తెడ్డును గడపకు అడ్డం వెట్టి పోయింది.
బయటికి పోవాలంటే దాన్ని ముట్టాలె.
పొద్దెక్కేదాక జూసిన.
ముట్టిన.

ఆషాఢం గాలి ఎట్లుంటదో
నల్లమల దిక్కు చెట్లు ఊగుడు జూసి జెప్పొచ్చంటరు.
నాకు తెల్వదాయె.
నడి నీళ్ళల్ల అల లేసి పుట్టిని కొట్టంగ
నా కడుపులకెల్లి ఒక కేక గొంతుదాక వచ్చి
ఆడనే ఆగింది.
అత్త వల దించుతనే ఉంది.
దించుకుంట అన్నది:
"ఈడికి పది బారల కింద మా వాకిలి.
డ్యాము నీళ్ళొచ్చిన్నాడు పొయ్యి మీద బువ్వ ఉడుకుతుండె.
ఇల్లు ఇడ్సిన, చెట్లిడ్సిన.
గిన్నె మాత్రం చెంగుతోటి పట్టుకొని గుట్ట ఎక్కిన.
పైన మూడు రాళ్ళేసి
మల్ల మంట వెట్టిన.
పలుకు మీదున్నది, ఉడుకకపాయెనా?"

భయం పోయిందా అని అడుగుతరు.
పోలే.
అది గూడ పుట్టిల నా ఎదురుంగనే కూసుంటది.
ఇద్దరి బరువుకే కావచ్చు
గాలికి పుట్టి లేస్తలేదు.

ఇయ్యాల ఒక్కదాన్నే పోయిన.
రెండు జెల్లలు, ఓ బొచ్చె,
ముండ్లకే బతికే చిన్న పరకలు కొన్ని.
మూడు వందల నలభై అన్నడు సేటు.
తూకం మల్ల వెట్టు అన్న.
మూడు వందల తొంభై అయినయి.
చెవుల బీడి ఉన్నోడు
ఏం మాట్లాడకుంట నా పుట్టి తాడు అందుకున్నడు.

ముందూ ఎనకా లేదని బుగులు వడ్డ గానీ
పుట్టిల నేను ఎటు ఒంగితే
అటే ముందు.
నిన్న సుడిగాలికి మల్ల రెండు సుట్లు తిరిగిన, అది వేరే ముచ్చట.

రేపు గాలి ఇంకా ఎక్కువంటున్నరు.
ఇంట్ల బల్బు కింద
మద్దిలేటి ఎల్లెలకల పండుకొని
వలను రొమ్ము మీద పరుసుకొని
ఎలుకలు కొరికిన తాన కుడుతున్నడు.
దారం అయిపోయింది, ఇంకో ఉండ అందియ్యమంటున్నడు.