మినిట్స్ పుస్తకం

విశాఖ లోకల్ విజయనగరంలోనే ఆగాలా,
ముందుకి పోవాలా...
గంటన్నరగా ఇదే గొడవ.
రాయడం నా వంతు.

చీపురుపల్లి దాకా అన్నారు లెక్చరర్ అనంతపద్మనాభం,
జనాభా లెక్కల ఫైలు విప్పి.
గజపతినగరం ఏం పాపం చేసిందని
ఎరువుల కొట్టు కామరాజు బల్ల గుద్దాడు.
టీ గ్లాసు ఒలికి
మ్యాపులో కొత్తవలస తడిసిపోయింది.
"నయం, బొబ్బిలి దాకా అనలేదు,
మళ్లీ యుద్ధమే" అని ఎవరో నవ్వారు.

నెల్లిమర్ల జూట్ మిల్లు పోలినాయుడు
రాత్రి షిఫ్టు గురించి రెండు ముక్కలు చెప్పి కూచున్నాడు.
రెండూ రాసుకున్నాను.

వెనక బెంచీలోంచి ఎర్నమ్మ లేచింది.
గరివిడి నుంచి తోటకూర, కాకరకాయలు
రోజూ మోసుకెళ్లే మనిషి.
"గీత ఏడదాకా గీత్తారో నాకెరిక నేదు బాబూ,
ఎల్లడానికి ఎలగోలా ఎల్తాం.
తిరిగొచ్చే ఆకరి బండి ఎన్నింటికో
ఆ మాట సెప్పండి ముందల."

కాసేపు ఫ్యాను చప్పుడే.
అధ్యక్షులు గొంతు సవరించుకుని
"మంచి సూచన, తర్వాత చూద్దాం" అన్నారు.
మళ్లీ చీపురుపల్లి. మళ్లీ గజపతినగరం.

ఏడు కావస్తుంటే
ఖాళీ తట్ట చంకన పెట్టుకుని
ఆవిడ మెట్లు దిగిపోయింది.
పాసింజరు తప్పితే
ఇక స్టేషన్ అరుగే.

తీర్మానం ఒకటి:
పొడిగింపు అవసరమని ఏకగ్రీవం.
ఎక్కడికన్నది వచ్చే సమావేశానికి వాయిదా.

ఆవిడ వేలిముద్ర పక్కన
"ముగిసే వేళకి లేరు" అని రాయమన్నారు.
రాశాను.
దాని కిందే పెన్సిలుతో, చిన్నగా,
ఏడూ పది.
చెరపాలనుకుంటే చెరిపేయొచ్చు.