నలభై ఒక్క రోజుల స్టే

దోమలగూడ ఆఫీసులో
రాత్రి తొమ్మిదింటికి కాన్ఫరెన్స్ ముగిసేది.
క్లయింటు చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయాక
గోపాలస్వామి గారు లా రిపోర్టుల బీరువా తెరిచి
పంతొమ్మిది వందల అరవై రెండును పక్కకు జరిపేవారు.
దాని వెనక ఉండేది
ఆ రోజుకి అసలు సైటేషన్.

"బార్‌లో చేరావు, బార్‌కి రానంటావేం?"
అదే జోకు, పదకొండేళ్లు.
పదకొండేళ్లూ నవ్వాను.
నవ్వినవాడికే ఫైలు.
నవ్వని భాస్కరాచారి
చలాన్లు కట్టీ కట్టీ ముసలివాడయ్యాడు.
ఆడ జూనియర్లను ఎవరూ రమ్మనేవారు కాదు,
మర్యాద అనుకున్నాం.
ఆ మర్యాదతోనే వాళ్ల చేతికి కేసులూ రాలేదు.

వద్దనాలంటే కారణం దాఖలు చేయాలి అప్పట్లో.
కామెర్లు. శనివారం. మామగారి తద్దినం.
ఏదీ రెండో వారం నిలిచేది కాదు.
ఒక్క మాలకే ఎదురు లేదు.
మండలం, నలభై ఒక్క రోజుల స్టే.
నల్లకోటు కింద నల్లచొక్కా,
చెప్పుల్లేని కాళ్లతో హైకోర్టు మెట్లు,
ఎనిమిదింటికల్లా ఇల్లు.
నా కూతురు ఎక్కాలు నాకు అప్పజెప్పింది
ఆ రోజుల్లోనే.
పదమూడో ఎక్కం సగంలో ఉండగా
కొండకెళ్లి వచ్చి మాల తీశాను.
మిగతా సగం వాళ్లమ్మ విన్నది.

నాంపల్లిలో ఒక సోమవారం
అంగూరిబాయి బెయిలు.
ధూల్‌పేట, గుడుంబా, పది లీటర్లు.
బోనులోంచి నా వైపు వంగి
మెల్లగా అంది:
"వకీల్ సాబ్,
నా సరుకును పోలీసోళ్లు పట్టుకొచ్చిండ్రు.
నీ సరుకు నల్లకోటేస్కొని
దానంతట అదే నడిచొచ్చింది."
మెజిస్ట్రేట్ వినలేదు. బెంచ్ క్లర్కు విన్నాడు,
కాగితాల్లో తల దూర్చి భుజాలు కదిపాడు.
బెయిలు వచ్చింది.
ఆమెకు.

తర్వాత ఒక అప్పీలు గడువు దాటిపోయింది.
ఆలస్యానికి కారణం: న్యాయవాది అనారోగ్యం.
టైపిస్టు ప్రమీల ఆ మాట దగ్గర
ఒక్క క్షణం వేళ్లు ఆపింది.
అబద్ధం కొడుతున్నామనుకున్నాం ఇద్దరం.
మా ఆఫీసులో ఆ ఏడాది టైపైన నిజం
అదొక్కటేనని
నాకు తెలియడానికి నాలుగేళ్లు పట్టింది.

మొన్న శామీర్‌పేట ఫాంహౌసులో
ఎవరికో సీనియర్ గౌను వచ్చిన విందు.
ట్రే తన్మయి ముందు ఆగింది.
"వద్దు."
"ఎందుకమ్మా?"
"వద్దు సర్."
నేను కారణం కోసం ఎదురుచూశాను.
అందరం చూశాం.
ఆ పిల్ల పల్లీలు నములుతూ
మూసీ నీళ్ల కేసు గురించి మాట్లాడుతోంది.
మూల నుంచి ఎవరో పాత జోకు విసిరారు, బార్ సంగతి.
కుర్రాళ్లెవరూ నవ్వలేదు.
నా నోరు మాత్రం అలవాటుగా తెరుచుకుంది,
సోడాతో మూశాను.
ఆ పిల్లకు ఆ ఆఫీసులో ఫైళ్లు వస్తున్నాయో లేదో
కనుక్కోవాలి.

గురువారాలు అబిడ్స్‌లో
ఒక చర్చి వెనక గదికి వెళ్తాను.
పేరు చెబితే చాలు,
ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగరు.
ఈ రోజుకి నూట అరవై తొమ్మిది రోజులు.
పదమూడు పదమూళ్లు.

నిన్న చివరి కుర్చీలో ఒక పెద్దాయన.
ఒకప్పుడు బెంచీ మీద నుంచి
"కౌన్సిల్ కొంచెం దూరంగా నిలబడితే మంచిది" అని
వాయిదా ఇచ్చి పంపినాయన.
గబుక్కున లేచి నిలబడ్డాను.
కూర్చోమని సైగ చేశారు.
ఆ చెయ్యి వణుకుతోంది.

టీ నేనే తీసుకెళ్లి ఇచ్చాను.
సాసర్ మీద కప్పు టకటకలాడుతుంటే
ఇద్దరం
ఫ్యాన్ వైపు చూశాం.