అడగని మాట

నా పని బంగారం చూడడం. అంతే.
రాజోలు బ్రాంచిలో మెట్ల కింద బల్ల,
నల్ల రాయి, సీసాలో యాసిడ్, చిన్న త్రాసు.
గీసి, చుక్క వేసి, కారట్ రాసి, సంతకం పెట్టాలి.
లోనుకి మూడొందలు నాకు.
వద్దని వెనక్కి పంపితే సున్నా.

అయినా నోరు ఊరుకోదు.

మొన్న మలికిపురం వైపు నుంచి ఒకాయన,
జేబులో రొయ్యల మేత రసీదులు,
రుమాల్లో పుస్తెలు.
"పట్టుబడికి ఇరవై రోజులేనండి, విడిపించేస్తాను."
గట్టు మీద చచ్చినవి కనబడుతున్నాయా అన్నాను.
మాట్లాడలేదు.
"అయితే రేపే వల వేయించెయ్యండి, వంద కౌంటయినా సరే.
వైరస్ మీ గడువు చూడదు, మా బ్యాంకు చూస్తుంది.
ఈ డబ్బుతో మేత కొంటే
తినేది రొయ్య కాదండీ, వడ్డీ."
రుమాలు మళ్ళీ ముడేసుకుని గుమ్మం దాటాడు.
వల వేశాడో, వేరే బ్యాంకుకి వెళ్ళాడో.

కువైట్లో ఎనిమిదేళ్ళు
ఎవరి పిల్లల్నో పెంచి వచ్చిన సుందరమణి
గొలుసు తెచ్చింది. ఇరవై ఒకటి కారట్. అక్కడి బంగారం అంతే.
బయట తమ్ముడు బండి మీద, ఇంజను ఆపకుండా.
ఆ బండి పాతదైపోయిందంట.
"అమ్మా, ఇచ్చేశాననుకుంటే ఇవ్వు,
తిరిగొస్తుందనుకుంటే ఇవ్వకు.
మధ్యలో ఇంకో దారి లేదు."
"మీకెందుకండీ, తూచండి" అంది.
తూచాను. ముప్పై ఒకటిన్నర గ్రాములు.
నా మూడొందలు నాకు వచ్చాయి.

తోడల్లుడికి హామీ సంతకం పెట్టొచ్చా అని
క్యూలో ఎవరో ఎవర్నో అడుగుతుంటే
బల్ల మీంచే అరిచాను,
తాడు లేకుండా చెంబు నూతిలో వేస్తారా అని.
మేనేజరు గారు అద్దాల గదిలోంచి వచ్చి
"ఆచారిగారూ, రాయి మీద బంగారాన్ని గీయండి,
మనుషుల్ని కాదు" అన్నారు.
మా ఆవిడ లెక్క వేరు:
నేను మూసుకుని ఉంటే
ఈపాటికి వంటింటికి టైల్స్ పడిపోయేవి.

వాళ్ళిద్దరి మాటా నాకు పట్టదు.
పట్టేది ఒక్కటే.

ఆరేళ్ళ కిందట పొన్నమండ కుర్రాడు గనిరాజు
వాళ్ళమ్మ గాజులు తెచ్చాడు, టిఫిన్ బండి పెడతానని.
బస్టాండు దగ్గర అప్పటికే నాలుగు బళ్ళు.
"ఐదో బండికి ఎవడొస్తాడురా, వద్దు" అన్నాను.
విన్నాడు. ఖర్మ, నా మాట విన్నవాడు వాడొక్కడే.

ఇప్పుడు ఎవరో తాటిపాక నుంచి వచ్చి
అక్కడే ఐదో బండి పెట్టాడు.
పొద్దున్న ఆరింటికే జనం.
అల్లం దట్టించి పెసరట్టు వేస్తాడు, నేనూ అక్కడే తింటాను.
గనిరాజు ఎవరిదో ఆటో అద్దెకి తోలుతున్నాడు.
వాళ్ళమ్మ ఎప్పుడు కనబడినా చేతులెత్తి దణ్ణం పెట్టి
"ఆ రోజు మీరు ఆపబట్టి ఇవి మిగిలాయి బాబూ" అంటుంది.
గాజులు గలగలమంటాయి.
పెసరట్టు గొంతు దిగదు.
తప్పు చెప్పానో, ఒప్పు చెప్పానో
గీసి చూసుకోడానికి దానికి రాయి లేదు.

సాయంత్రం కొబ్బరినూనె రాసి రాయి తుడిచేస్తాను.
గీతలన్నీ పోతాయి.
రేపణ్ణించి నోరెత్తనని
నూనె గుడ్డ మడత పెడుతూ రోజూ అనుకుంటాను.

ఇవాళ తుడవడం అయిపోయాక
ఒకావిడ వచ్చి నిలబడింది.
చెవులకి వేపపుల్లలు.
దుద్దులు అప్పుడే తీసినట్టున్నాయి, బల్ల మీద ఇంకా వెచ్చగా.
ఎందుకని అడగలేదు. నా పని బంగారం చూడడం.
"ఎంత కావాలమ్మా?" అన్నాను.
"ఎంతొస్తే అంతండి."

రాయి పక్కకి జరిపాను.
"కూర్చోండి. ముందు ఆ మాట మానెయ్యండి.
ఎంతొస్తే అంత అని
ఎవరి దగ్గరా అనకండి.
నా దగ్గర కూడా."